ఇల్లు కొనేటప్పుడు ఏజెంట్ కమీషన్ తగ్గించుకోవడం ఎలా: మొదటి ఫోన్ నుంచి చివరి రసీదు దాకా

ఇల్లు నచ్చేసింది. హాల్లో సోఫా ఎక్కడ వేయాలో, పిల్లల మంచాలు ఏ గదిలో పడతాయో కూడా మాట్లాడేసుకున్నాం. సరిగ్గా అప్పుడు ఏజెంట్ గారు "మా కమీషన్ సంగతి కూడా ఒకసారి అనుకుందామండీ" అంటారు. ఆ సమయంలో బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. ఇల్లు చేజారిపోతుందేమో అన్న టెన్షన్ ఒకటి. ఎంత అడిగితే అంతకు తలూపేస్తాం.

మాట్లాడాల్సిన రోజున మాట్లాడకపోవడం వల్లే చాలామంది ఎక్కువ కమీషన్ కడుతున్నారు. ఆ రోజు, ఇంకా ఒక్క ఇల్లు కూడా చూడకముందే వస్తుంది. ఏజెంట్ ఎవరి పక్షం, ఏ పనికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నవి అప్పుడే కాగితం మీదికి రావాలి. కింద చెప్పేవన్నీ అక్కడికి చేరే దారులే.

ముందుగా లెక్క వేసుకోండి

కమీషన్‌ని ఇంటి ధరలో శాతంగా చెప్తారు కాబట్టి చిన్నగా కనిపిస్తుంది. ఇంటి ధర 100 అనుకోండి. మీరు చేతినుంచి 20 పెడుతున్నారు, మిగతా 80 లోన్. కమీషన్ 2 శాతం. వందలో రెండంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఆ 2 సాధారణంగా లోన్‌లోంచి రాదు, మీ 20లోంచి పోతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బులో అది పదో వంతు.

"మీరేమీ కట్టక్కర్లేదు, అమ్మేవాళ్లే ఇస్తారు" అని చెప్పినా నిశ్చింతగా ఉండకండి. అమ్మే మనిషి ఆ ఖర్చును మనసులో పెట్టుకునే ధర చెప్తాడు. ధరలో కలిసిపోయిన కమీషన్‌కి లోన్ వడ్డీ కూడా తోడవుతుంది. 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ తీసుకుంటే, తీసుకున్నదానికి దాదాపు రెట్టింపు తిరిగి కడతాం. అందుకని కమీషన్ ఎవరి జేబులోంచి వెళ్తోంది అన్న దానితోపాటు, అది లేకపోతే ధర ఎంత ఉండేది అని కూడా అడగాలి.

మొదటి అడుగు: ఏజెంట్ ఎవరి మనిషో తెలుసుకోండి

ఇంటి ప్రకటన మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తేది దాదాపు ఎప్పుడూ అమ్మేవాళ్ల ఏజెంటే. ఎంత మర్యాదగా మాట్లాడినా, ఆయన పని అమ్మేవాళ్లకి ఎక్కువ ధర తెచ్చిపెట్టడం. ఆయన తప్పేం లేదు, ఆయన ఉద్యోగమే అది. కాబట్టి "మా బడ్జెట్ ఇంతవరకు ఉంది, కాస్త అటూ ఇటూ అయినా సర్దుతాం" అన్న మాట ఆయన దగ్గర అనకండి. ఆ ఒక్క మాటకయ్యే ఖర్చు చాలాసార్లు కమీషన్ కంటే ఎక్కువ.

కొన్నిచోట్ల ఒకే ఏజెంట్ రెండు పక్షాలకూ పనిచేసి రెండువైపులా కమీషన్ తీసుకుంటాడు. అమ్మేవాళ్లకి ఎక్కువ రావాలి, మీకు తక్కువ పడాలి. ఈ రెండూ ఒక్క మనిషి ఎలా చేస్తాడు? అమెరికాలో ఫ్లోరిడా, కొలరాడో లాంటి రాష్ట్రాలు ఇలా ఇద్దరికీ ప్రతినిధిగా ఉండటాన్ని ఒప్పుకోవు. మీరున్న చోట చట్టం ఒప్పుకున్నా సరే, అలాంటి ఏజెంట్ మీకోసం బేరమాడే మనిషి కాదు. కాబట్టి పూర్తి కమీషన్ ఇవ్వాల్సిన అవసరమూ లేదు. ఈ మాట నేరుగానే చెప్పవచ్చు: "మీరు వాళ్ల దగ్గర కూడా తీసుకుంటున్నారు కదండీ, మావైపు నుంచి సగమే ఇవ్వగలం."

ఎవరు కట్టాలి అన్నది దేశాన్ని బట్టి మారిపోతుంది. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో అమ్మేవాళ్లు తమ ఏజెంట్‌కి తామే ఇస్తారు. కొనేవాళ్లు తమకంటూ విడిగా ఒకరిని పెట్టుకుంటే తప్ప కట్టేది ఉండదు. జర్మనీలో 2020 డిసెంబర్ 23 నుంచి కొత్త నియమం వచ్చింది. సొంతానికి ఇల్లు కొనేవాళ్ల విషయంలో, ఏజెంట్‌ని పెట్టుకున్నది అమ్మేవాళ్లయితే కొనేవాళ్ల మీద సగానికి మించి వేయడానికి లేదు. అది కూడా అమ్మేవాళ్లు తమ వాటా కట్టేశామని చూపించాకే. ఇండియాలో రెండువైపులా తీసుకునే అలవాటు ఎక్కువ. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల్లో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్ కూడా రిజిస్టర్ చేసుకోవాలి, జరిపించిన ప్రతి అమ్మకంలో ఆ నంబర్ వేయాలి. నంబర్ అడగండి, రెరా వెబ్‌సైట్‌లో చూసుకోండి. చెప్పలేని మనిషితో కమీషన్ బేరం దాకా పోనవసరం లేదు.

అమెరికా సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతావాళ్లు కూడా దాన్నుంచి నేర్చుకోవచ్చు. అక్కడ చాలాకాలం అమ్మేవాళ్లే రెండు వైపుల ఏజెంట్లకీ ఇచ్చేవారు, కొనేవాళ్ల ఏజెంట్‌కి ఎంత ముడుతుందో లిస్టింగ్‌లోనే, అంటే ఏజెంట్లు చూసుకునే ఇంటి ప్రకటనలోనే, ఉండేది. 2023 అక్టోబర్ 31న మిస్సోరీలో ఒక ఫెడరల్ జ్యూరీ ఈ పద్ధతి అమ్మేవాళ్లకి నష్టం చేసిందని తేల్చి, సుమారు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారం లెక్కగట్టింది. ఆ తర్వాత 2024లో అక్కడి ఏజెంట్ల సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. 2024 ఆగస్టు 17 నుంచి పద్ధతులు మారాయి. ఆ సంఘం లిస్టింగుల్లో కొనేవాళ్ల ఏజెంట్‌కి ఇచ్చే కమీషన్ ప్రకటించకూడదు. ఏజెంట్ వెంట ఇల్లు చూడ్డానికి వెళ్లకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో కమీషన్ కచ్చితమైన అంకెగా ఉండాలి. కమీషన్‌ని చట్టం నిర్ణయించదు, పూర్తిగా మాట్లాడుకునేదే అన్న వాక్యం కూడా ఉండాలి. అక్కడ ఇన్ని కేసుల తర్వాత వచ్చిన ఈ నియమాలను ఎక్కడున్నవాళ్లయినా ఒక కాగితం, పెన్నుతో సొంతంగా పెట్టుకోవచ్చు.

రెండో అడుగు: ఏ పనికి డబ్బిస్తున్నారో రాసుకోండి

ఏజెంట్ చేసే పనులను విడదీసి చూడండి. ఇళ్లు వెతకడం, చూపించడం, చుట్టుపక్కల ఇళ్లు ఈ మధ్య ఎంతకు అమ్ముడయ్యాయో తెచ్చి చెప్పడం, ధర బేరమాడటం, కాగితాలు సమకూర్చడం, బ్యాంకు చుట్టూ తిరగడం, రిజిస్ట్రేషన్ రోజు పక్కనుండటం. వెతకడమన్నది ఇప్పుడు చాలావరకు మనమే ఫోన్లో చేసుకుంటున్నాం. నిజంగా విలువైన పనులు రెండే: సరైన ధర చెప్పగలగడం, బేరం నడపగలగడం. డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా అన్నది ఏజెంట్ పని కాదు, లాయర్ పని. ఏజెంట్ "పేపర్లన్నీ క్లియర్ అండీ" అంటే అది ఆయన అభిప్రాయం. అంతకు మించి నమ్మకండి.

ఇలా రాసుకున్నాక ఒక విషయం బయటపడుతుంది. ధర రెట్టింపు ఉన్న ఇంటికి ఏజెంట్ పని రెట్టింపు ఉండదు. అలాంటప్పుడు శాతం లెక్కన ఎందుకివ్వాలి? ఖరీదైన ఇల్లు కొనేవాళ్లు స్థిరమైన మొత్తం మాట్లాడుకోవడమే నాకు న్యాయంగా తోస్తుంది.

శాతం పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. మీరు 100 ధరను 97కి దించితే మీకు 3 మిగులుతుంది. మీ తరఫున ఆ బేరం చేసిన ఏజెంట్‌కి, 2 శాతం లెక్కన, 0.06 తగ్గుతుంది. అంటే కష్టపడి ధర దించినందుకు ఆయనకే నష్టం, చిన్నదైనా సరే. లెవిట్, సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు షికాగో ప్రాంతపు ఇళ్ల అమ్మకాలు పరిశీలించినప్పుడు, ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకునేటప్పుడు ఇతరుల ఇళ్లకంటే సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారని తేలింది. అది అమ్మకం వైపు సంగతి. అయినా శాతం కమీషన్ మనిషిని త్వరగా డీల్ ముగించే వైపు లాగుతుందని అందులో స్పష్టంగా కనబడుతుంది. మీ ఏజెంట్‌తో ఇలా కుదుర్చుకోవచ్చు: ఇంత స్థిరమైన మొత్తం, దానిపైన చెప్పిన ధర కంటే ఎంత తగ్గిస్తే అందులో ఒక చిన్న వాటా. అప్పుడు ఇద్దరి లాభమూ ఒకే వైపు ఉంటుంది. అయితే చెప్పిన ధర ముందే పెంచి పెట్టిందేమో చూసుకోండి. పోల్చదగ్గ అమ్మకాల సగటును బట్టి లెక్కిస్తే ఇంకా మంచిది.

మూడో అడుగు: ముగ్గురితో మాట్లాడండి

ఒక్కరితోనే మాట్లాడితే ఆయన చెప్పిందే రేటు. "ఈ ఏరియాలో అందరూ ఇంతేనండీ తీసుకునేది" అన్న మాట ముగ్గురి దగ్గరా వినిపిస్తుంది, కానీ మూడు అంకెలూ ఒకటిగా ఉండవు. అడగాల్సినవి ఎక్కువేం లేవు. ఈ ఏడాదిలో కొనేవాళ్ల తరఫున ఎన్ని ఇళ్లు ఇప్పించారు? చెప్పిన ధరకీ, చివరికి కుదిరిన ధరకీ మధ్య ఎంత తేడా తెచ్చారు? అమ్మేవాళ్ల దగ్గర కూడా ఏమైనా వస్తుందా? మేం వెతికి తెచ్చుకున్న ఇంటికి మీరు బేరం మాత్రమే చేసి పెడితే ఎంత తీసుకుంటారు?

ఈ ఆఖరి ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి. సగం పనికి సగం కమీషన్ అన్న మాట చాలామంది ఏజెంట్లకు ముందే తెలుసు, మనం అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగాక మాట్లాడకుండా ఆగండి. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, అయినా దాన్ని మీరు నింపకండి. "అంటే మరీ తక్కువని కాదు, మీ ఇష్టం" అని మనమే తగ్గిపోతుంటాం.

అందరికంటే తక్కువ అడిగిన వాళ్లనే ఎంచుకోమని నేను చెప్పను. తన కమీషన్‌ని మనముందు నిలబెట్టుకోలేని మనిషి మన ధరను అవతలివాళ్ల ముందు నిలబెడతాడా అన్నది కూడా చూడాలి.

నాలుగో అడుగు: ఒప్పందం, ఒక్కో లైనూ

మా చెల్లెలు వాళ్లు ఇల్లు వెతుకుతున్నప్పుడు ఒక ఏజెంట్ రెండు పేజీల ఒప్పందం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. మొదటి పేజీలో కమీషన్ అంకె ఉంది, అది ముందుగా మాట్లాడుకున్నదే. మా మరిది పెన్ను తీసేశాడు. చెల్లెలు పేజీ తిప్పి, వేలు పెట్టి చదువుకుంటూ ఒకచోట ఆగింది. "అక్కా, ఈ లైన్ చూడు." ఆరు నెలలు ఎక్కడ, ఎవరి ద్వారా కొన్నా ఆయనకే కమీషన్. ఆరు నెలలయ్యాక కూడా ఇంకో ఆరు నెలలు, ఆయన "పరిచయం చేసిన" ఏ ఇల్లు కొన్నా కమీషన్. పరిచయం అంటే ఏమిటో ఎక్కడా లేదు. వాట్సాప్‌లో లింక్ పంపినా పరిచయమే అవుతుంది.

చెల్లెలు పెన్సిల్‌తో ఆరు నెలలు కొట్టేసి నెల అని రాసింది. రెండో చోట ఆరు నెలలు కొట్టేసి ముప్పై రోజులు అని రాసి, "మాతో కలిసి వెళ్లి లోపల చూపించిన ఇళ్లకు మాత్రమే" అని చేర్చింది. ఏజెంట్ గారు కాగితం తనవైపు తిప్పుకుని ఒక నిమిషం చూశారు. "నెల సరిపోదండీ, రెండు నెలలు పెట్టుకుందాం" అన్నారు. అంతే. రెండు నెలలకు ఒప్పుకున్నారు, మిగతావి అలాగే ఉంచి, దిద్దిన చోటల్లా ఇద్దరూ పెన్నుతో సంతకం చేశారు. మూడో నెలలో వాళ్లు యజమాని దగ్గర నేరుగా కొన్న ఇంటికి ఆయనకు ఏమీ బాకీ పడకపోవడానికి కారణం ఆ పెన్సిల్ గీతలే.

ఒప్పందంలో చూడాల్సినవి ఇవి. కమీషన్ ఒకే అంకెగా ఉండాలి. "ఇంత నుంచి ఇంత వరకు", "లేదా అమ్మేవాళ్లు ఇచ్చేది, ఏది ఎక్కువైతే అది" అన్న మాటలు కొట్టేయించండి. అమ్మేవాళ్లు ఏమైనా ఇస్తే అది మీరిచ్చేదాంట్లోంచి తగ్గాలి, పైన కలవకూడదు. కమీషన్ మీద పన్ను కలిపా, విడిగానా అన్నది అడగండి. ఉదాహరణకు ఇండియాలో కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్ దాన్ని విడిగా వేస్తే 2 శాతం కాస్తా 2.36 అవుతుంది. డాక్యుమెంటేషన్ ఫీజు, ఆఫీస్ ఖర్చులు అంటూ విడిగా ఏవైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే కమీషన్‌లోనే కలపమనండి.

ఎప్పుడు ఇవ్వాలన్నది ఎంత ఇవ్వాలన్నదానంత ముఖ్యం. అడ్వాన్స్ ఇచ్చిన రోజునే కమీషన్ కట్టేస్తే, లోన్ రాకపోయినా, కాగితాల్లో లొసుగు బయటపడినా ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం మీ తలనొప్పి. ఇల్లు మీ పేరు మీదికి మారిన రోజు ఇస్తామని రాయించండి. మరీ పట్టుబడితే చిన్న భాగం ముందు, మిగతాది ఆ రోజు.

ఐదో అడుగు: తెలియకుండా బాకీ పడకండి

ఇల్లు చూడ్డానికి వెళ్లినచోట విజిటర్స్ రిజిస్టర్‌లో సంతకం అడిగితే పైన ఏం రాసుందో చదవండి. "ఫలానా ఏజెంట్ ద్వారా వచ్చాం" అన్న గడి ఉంటుంది. మీ అంతట మీరు వెళ్లి ఉంటే "నేరుగా" అని రాయండి. ఒకే ఇంటిని ఇద్దరు ఏజెంట్లు చూపిస్తే ఇద్దరూ కమీషన్ అడిగే ప్రమాదం ఉంది. కాబట్టి ఎవరైనా ఇల్లు చూపిస్తామంటే ముందు అడ్రస్ అడిగి, ఇదివరకు చూసిందైతే వెంటనే చెప్పేయండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి: ఇల్లు, ఎవరి ద్వారా తెలిసింది, తేదీ. సొంతంగా దొరికిన ప్రకటన అయితే స్క్రీన్‌షాట్. పేచీ వచ్చినప్పుడు ఆ ఒక్క పేజీ చాలు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఏజెంట్ వెంటబెట్టుకుని పది ఇళ్లు తిప్పి, నచ్చిన ఇంటి యజమానిని మనం చాటుగా పట్టుకుని ఆయన్ని పక్కన పెట్టేయడం పొదుపు కాదు. పనిచేసిన మనిషి కూలి ఎగ్గొట్టడమే. చట్టపరంగా కూడా అందులోంచి బయటపడటం కష్టం.

ఆరో అడుగు: కమీషన్‌ని ధరలోకి మార్చండి

మీరు ఏజెంట్ లేకుండా కొంటున్నారనుకోండి. మీ ఏజెంట్‌కి పోవాల్సిన భాగం దానంతటది మీకు రాదు. అడగకపోతే అమ్మేవాళ్ల ఏజెంట్‌కో, అమ్మేవాళ్లకో మిగిలిపోతుంది. కాబట్టి ఆఫర్ ఇచ్చేటప్పుడే లెక్క చూపించండి. ఏజెంట్‌తో వచ్చిన వేరే మనిషి 100 ఇస్తానంటూ, తన ఏజెంట్‌కి 2 మీరే కట్టండి అంటే అమ్మేవాళ్లకు మిగిలేది 98. మీరు ఏ షరతూ లేకుండా 98.5 అంటే అమ్మేవాళ్లకు అరశాతం లాభం, మీకు ఒకటిన్నర లాభం. "మేం ఏజెంట్ లేకుండా వస్తున్నాం, కాస్త తగ్గించండి" అనడం కంటే ఈ అంకెలు కాగితం మీద పెట్టడం చాలా బాగా పనిచేస్తుంది.

ఏజెంట్ తన కమీషన్‌లో కొంత మీకే తిరిగి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ఇది చట్టబద్ధమే, కొన్నిట్లో నిషేధం. ఎక్కడైనా సరే, ఈ రిబేటు లోన్ ఇచ్చే బ్యాంకుకు తెలిసేలా కాగితాల్లో ఉండాలి. చాటుగా చేతికిచ్చే డబ్బు తీసుకోకండి, రేపు బ్యాంకు ముందు అబద్ధమాడినట్టవుతుంది.

బేరం చివర్లో, మీరు చెప్పిన ధరకీ అవతలివాళ్లు దిగిన ధరకీ మధ్య చిన్న తేడా దగ్గర ఆగిపోతే, ఏజెంట్లు తమ కమీషన్‌లోంచి కాస్త వదులుకుని డీల్ ముగించడం మామూలే. ఆ మాట మీరే ఎత్తవచ్చు. తేడా పెద్దదైతే మాత్రం అడగకండి.

కొత్త ప్రాజెక్టులో నేరుగా బిల్డర్ దగ్గర కొంటే

ఏజెంట్లకిచ్చే కమీషన్‌ని బిల్డర్లు తమ అమ్మకాల ఖర్చులో ముందే లెక్కేసుకుంటారు. నేరుగా వెళ్లినంత మాత్రాన ధర తగ్గదు, అడిగితేనే తగ్గుతుంది. ధర తగ్గిస్తే మిగతా కొనుగోలుదారులు కూడా అడుగుతారని బిల్డర్ వెనకాడవచ్చు. అలాంటప్పుడు పార్కింగ్, కబోర్డులు, నిర్వహణ డిపాజిట్ లాంటివి అడగండి. ఒకవేళ ఏజెంట్ సాయం కావాలనుకుంటే మొదటిసారి వెళ్లేటప్పుడే వెంట తీసుకెళ్లండి. మొదటి రాకలో పేరు నమోదు కాని ఏజెంట్‌కి చాలామంది బిల్డర్లు తర్వాత కమీషన్ ఇవ్వరు. అప్పుడు ఆ భారం మీ మీద పడుతుంది.

మిగిలిన డబ్బులో కొంత ఇక్కడ పెట్టండి

ఏజెంట్ లేకుండా కొనేవాళ్లు మూడు ఖర్చులు తగ్గించకూడదు. హక్కుల చరిత్ర, తాకట్లు, కోర్టు కేసులు చూసే సొంత లాయర్. గోడల చెమ్మ, వైరింగ్, పునాది చూసే ఇంజనీర్. ధర సరైందేనా చెప్పే స్వతంత్ర వాల్యుయేషన్. ముగ్గురూ పనికి ఇంతని తీసుకునేవాళ్లు, మీరు కొన్నా మానుకున్నా వాళ్ల ఫీజు మారదు. అందుకే "ఈ ఇల్లు వద్దు" అని చెప్పే ధైర్యం వాళ్లకుంటుంది. లాయర్‌ని అమ్మేవాళ్లో, ఏజెంటో సూచిస్తే వినండి, కానీ పెట్టుకోకండి.

బొత్తిగా తెలియని ఊళ్లో కొంటున్నా, దూరంగా ఉండి కొంటున్నా, వారసుల మధ్య పంపకాలు తెగని ఇల్లయినా మంచి ఏజెంట్‌కి పూర్తి కమీషన్ ఇవ్వడానికి వెనకాడకండి. అక్కడ పొదుపు చేసింది మరోచోట రెండింతలై పోతుంది.

చివరి రోజు

డబ్బు చేతులు మారేముందు ఖర్చుల పట్టిక మొత్తం ఒక రోజు ముందే తెప్పించుకుని, ఒప్పందం పక్కన పెట్టి అంకెకు అంకె సరిచూడండి. కమీషన్ చివరికి కుదిరిన ధర మీద లెక్కించారా, మొదట చెప్పిన ధర మీదా? అమ్మేవాళ్లిచ్చింది తీసేశారా? పన్ను రెండుసార్లు పడిందా? తప్పులు ఎక్కువగా ఈ మూడు చోట్లే దొర్లుతాయి. కమీషన్ బ్యాంకు ద్వారానే చెల్లించండి, నగదు వద్దు. రసీదు మీద ఇంటి అడ్రస్, మొత్తం, పన్ను, ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్, "ఇక ఎలాంటి బాకీ లేదు" అన్న వాక్యం ఉండాలి. అది ఇంటి కాగితాలతో పాటు అదే ఫైల్లో పెట్టండి.